మృణ్మయ పాత్రలపై గుర్తులు

మృణ్మయ పాత్రలపై గుర్తులు అనగా కుండలు, కూజాలు, మూకుళ్ళు, పింగాణీ పళ్ళాలు మొదలైన కాల్చిన మట్టి పాత్రల మీద గీసిన, ఒత్తిన లేదా వ్రాసిన చిహ్నాలు. ఒక పాత్ర ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఎవరి చేతి పని అన్న ప్రశ్నలకు సమాధానం వెదకడంలో పురావస్తు శాస్త్రజ్ఞులకు ఇవి ముఖ్యమైన ఆధారాలు. అయితే పాత్ర మీద గుర్తు ఉన్నంత మాత్రాన అది చేసినవారి గుర్తే కానక్కరలేదు. గుర్తు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, పాత్ర ఎక్కడ దొరికింది అన్న మూడు విషయాలు తేలిన తరువాతనే గుర్తుకు అర్థం చెప్పడం సాధ్యమవుతుంది. తెలుగు దేశంలో ఈ విషయాన్ని తెలుసుకొనడానికి ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం మంచి ఉదాహరణ.

గుర్తు ఎవరిది?

తెలుగు ఇళ్ళలో ఇత్తడి, స్టీలు సామాను మీద పేర్లు కొట్టించడం పరిపాటి. పెళ్ళిలో చదివించిన బిందె మీద ఇచ్చినవారి పేరు, తేదీ ఉంటాయి. ఇంట్లో వాడే గిన్నెల మీద యజమాని పేరో, పొడి అక్షరాలో ఉంటాయి. వెయ్యేళ్ళ తరువాత ఎవరైనా ఆ బిందెను తవ్వి తీసి, దాని మీది పేరును బిందె చేసిన కంచరి పేరుగా చదివితే పొరపాటు పడినట్లే. మట్టి పాత్రల విషయంలోనూ ఇదే చిక్కు ఉన్నది. పాత్రలపై కనిపించే గుర్తులను స్థూలంగా ఈ విధంగా విభజించవచ్చును.

* కుమ్మరి గుర్తు: పాత్ర పచ్చిగా ఉన్నపుడే కుమ్మరి పెట్టినది. పలువురి కుండలను ఒకే ఆవంలో కాల్చినపుడు ఎవరివి వారు గుర్తుపట్టడానికి ఇటువంటి గుర్తు పనికివస్తుంది.
* యజమాని గుర్తు: కాల్చిన తరువాత, పాత్రను కొన్నవారు లేదా వాడినవారు గీసుకొన్నది.
* సంకేతం: కొలతను, లోపలి సరుకును, కులాన్ని లేదా గణాన్ని, లేక ఏదైనా విశ్వాసాన్ని తెలిపేది.
* శాసనం: అక్షరాలతో వ్రాసిన పేరు లేక దాన విషయం.
* కర్మాగార ముద్ర: తయారీ సంస్థ తన సరుకు మీద వేసే అధికారిక ముద్ర. ఇది ఎక్కువగా పింగాణీ సామాను మీద, ఇంటి పెంకుల మీద కనిపిస్తుంది.

పల్లెల్లో కుమ్మరికి తన కుండ మీద గుర్తు పెట్టవలసిన అవసరం సాధారణంగా రాలేదు. ఊరందరికీ కుండలు ఇచ్చి, పంటల మీద మేర తీసుకొనే కుమ్మరి పేరు ఊరిలో అందరికీ తెలిసినదే. సరుకు దూరపు సంతకు పోయినపుడు, కొనేవారికి చేసినవారు తెలియనపుడు గుర్తు అవసరం అవుతుంది. అందుచేత ఈ ప్రాంతపు పురాతన పాత్రలలో కుమ్మరి సంతకం కోసం వెదికేవారికి తరచుగా లభించేది యజమాని గీత మాత్రమే.

ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతం

పూర్వపు ఖమ్మం జిల్లాలో గోదావరి, కిన్నెరసాని పరీవాహక ప్రాంతాల్లో బృహత్ శిలాయుగపు సమాధులు విస్తారంగా కలవు. 2014లో ఈ జిల్లాలోని ఏడు మండలాలకు చెందిన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. ఈ కారణంగా ఒకే సంస్కృతికి చెందిన స్థలాలు నేడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి.

పినపాక ప్రాంతంలోని జానంపేట వద్ద, దానికి చేరువలోని దొంగతోగు వద్ద ఇసుకరాతి పలకలతో కట్టిన సమాధులు ఉన్నాయి. స్థానికులు వీటిని రాక్షసగుళ్ళు అంటారు. నాలుగు వైపులా నిలిపిన పలకల మీద పెద్ద కప్పు రాయి, లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఈ సమాధుల ప్రత్యేకత. దొంగతోగు వద్ద మానవాకారంలో మలచిన నిలువురాళ్ళు కూడా ఉన్నాయి. వేలేరుపాడు మండలంలోని రుద్రంకోట వద్ద గల ఈ యుగపు సమాధులు పోలవరం ముంపు ప్రాంతంలోనివి.

ఇటువంటి సమాధుల్లో చనిపోయినవారి ఎముకలతో పాటు ఇనుప పనిముట్లు, పూసలు, మట్టి పాత్రలు ఉంచేవారు. ఖమ్మం జిల్లాలోనే ఉన్న నేలకొండపల్లి తరువాతి కాలానికి చెందినది. ఇక్కడ పురావస్తు శాఖ తవ్వకాల్లో బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు బయల్పడినవి. ఈ రెండు కాలాల చిల్లపెంకులూ దున్నిన చేలల్లోను, పాత ఊరి పాటిదిబ్బల మీదను ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

కాల్చక ముందా, కాల్చిన తరువాతా?

గుర్తును పరిశీలించేటపుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. సమాధానం చాలావరకు గీత అంచుల్లోనే ఉంటుంది.

పచ్చిమట్టి మీద పుల్లతో గీసినపుడు మట్టి పక్కకు ఒత్తుకొని గీతకు ఇరువైపులా సన్నని గట్టులా లేస్తుంది. గాడి లోపలి భాగం నునుపుగా ఉంటుంది. పాత్రకు పూసిన పూత ఆ తరువాత వేసినదైతే గాడిలోకి కూడా దిగుతుంది. ఆవంలో గాడికీ పాత్రకూ ఒకేసారి వేడి తగులుతుంది గనుక రెండింటి రంగూ సాధారణంగా ఒకే తీరుగా ఉంటుంది.

కాల్చిన పాత్ర మీద ఇనుప మొనతోనో రాతి మొనతోనో గీసినపుడు మట్టి ఒత్తుకొనదు, పెచ్చులుగా రాలుతుంది. గీత అంచులు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. పైపూత తెగి లోపలి మట్టి రంగు బయటపడుతుంది. మొన జారిన చోట అదనపు గీతలు కూడా కనిపిస్తాయి.

ఇవి కాక మూడవ రకం కూడా ఉన్నది. నాగలి కర్రు తగిలినపుడు, తవ్వేటపుడు గునపం తగిలినపుడు కొత్త గీతలు పడతాయి. గీత లోపలి భాగం మిగిలిన పెంకు కంటే తాజాగా, మట్టి పట్టకుండా ఉంటే అది పురాతనమైనది కాకపోవచ్చును. చెట్ల వేళ్ళు పాకిన జాడలను కూడా గుర్తులుగా భ్రమపడే అవకాశం ఉన్నది.

పచ్చిమట్టి మీది గుర్తును కుమ్మరి లేదా అతని ఇంటివారు పెట్టి ఉంటారు. కాల్చిన తరువాతి గుర్తును ఎవరైనా పెట్టి ఉండవచ్చును. దక్షిణ భారతదేశపు బృహత్ శిలాయుగపు పాత్రల మీది గుర్తుల్లో ఎక్కువ భాగం కాల్చిన తరువాత గీసినవే.

బృహత్ శిలాయుగపు గీతలు

ఈ సమాధుల్లో కనిపించే ముఖ్యమైన పాత్రలను నలుపు-ఎరుపు పాత్రలు అంటారు. వీటి లోపలి భాగం, పై అంచు నల్లగా, వెలుపలి కింది భాగం ఎర్రగా ఉంటాయి. మట్టిలోని ఇనుము గాలి తగిలిన చోట ఎరుపు రంగుకు మారుతుంది. గాలి ఆడని చోట, పొగ పట్టిన చోట నలుపు నిలుస్తుంది. పాత్రను బోర్లించి కాల్చడం వలన ఈ రెండు రంగులు వస్తాయని పలువురు పండితుల అభిప్రాయం.

ఈ పాత్రల భుజం మీద లేదా అంచు దగ్గర ఒకటి, రెండు, అరుదుగా మూడు గుర్తులు కనిపిస్తాయి. అడ్డగీతలు, నిచ్చెన, బాణం, త్రిశూలం వంటి ఆకారం, నక్షత్రం, కూడిక గుర్తు వీటిలో సామాన్యమైనవి. హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖకు చెందిన గులాం యాజ్దానీ 1917లో ప్రకటించిన వ్యాసంలో దక్కను సమాధుల పాత్రలపై గల గుర్తులను పట్టికగా ఇచ్చాడు. వాటిలో కొన్ని బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నాయని గమనించాడు.

1960లో బి.బి.లాల్ ఈ గుర్తులను హరప్పా, తామ్రశిలాయుగపు గుర్తులతో పోల్చి, బృహత్ శిలాయుగపు గుర్తుల్లో 89 శాతం అంతకు ముందరి కాలంలోనూ కనిపిస్తున్నాయని చూపాడు. 2025లో తమిళనాడు పురావస్తు శాఖ ప్రకటించిన అధ్యయనంలో ఆ రాష్ట్రంలోని 140 స్థలాలకు చెందిన, గుర్తులు గల 15 వేలకు పైగా పెంకులను పోల్చి చూశారు. ఆకారాల పోలిక ఈ పరిశీలనల వలన స్పష్టమైనది. కాని ఆకారం ఒకటైనంత మాత్రాన అర్థం కూడా ఒకటే అని చెప్పలేము. కూడిక గుర్తు, నిచ్చెన గీత, చుక్క పెట్టిన వలయం వంటివి ఎవరి చేతికైనా సులభంగా వచ్చేవే. ఈ గుర్తులను అందరూ అంగీకరించే విధంగా ఇంతవరకు ఎవరూ చదవలేదు.

ఒకే సమాధిలోని పలు పాత్రల మీద ఒకే గుర్తు ఉంటే అది ఆ కుటుంబానికో గణానికో చెందినది కావచ్చునని ఊహించవచ్చును. ఒకే గుర్తు దూరదూరపు ఊళ్ళలో, ఒకే రకపు పాత్ర మీద, పచ్చిమట్టిలో గీసి కనిపిస్తే అది కుమ్మరి గుర్తు అనడానికి బలం చేకూరుతుంది. ఈ రెండు అనుమానాల్లో దేనినైనా పరీక్షించాలంటే ఏ పెంకు ఏ సమాధిలో, ఏ పాత్రల నడుమ దొరికినదో తెలియాలి.

ఒంటరి గుర్తును నమ్మడం ఎంత ప్రమాదమో ఈ ప్రాంతపు చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. గోదావరి లోయలోని కాటాపూర్ తదితర చోట్ల సమాధుల వద్ద శిలువ ఆకారపు రాళ్ళను 1868లో మల్హెరన్ అనే సర్వే ఉద్యోగి వర్ణించాడు. జేమ్స్ ఫెర్గూసన్ 1872లో తన గ్రంథంలో వాటిని చర్చిస్తూ అవి క్రైస్తవ శిలువలని తలచి, సమాధుల కాలాన్ని బాగా ఇటువైపుకు జరిపాడు. అవి చేతులు చాచిన మానవాకారాన్ని సూచించే ఇనుప యుగపు రాళ్ళని తరువాతి పరిశోధకులు భావించారు. చూసినవారికి తెలిసిన చిహ్నమే రాతి మీద కనబడినది.

శాతవాహన కాలపు అక్షరాలు

క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాల నుండి పాత్రల మీద బ్రాహ్మీ లిపిలో పేర్లు వ్రాయడం కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం, విశాఖపట్నం దగ్గరి బావికొండ వంటి బౌద్ధ స్థలాల్లో అక్షరాలు గల పెంకులు లభించినవి. వీటి భాష సామాన్యంగా ప్రాకృతం. పేరు చివర 'స' అన్న అక్షరం ఉంటే అది షష్ఠీ విభక్తి, అనగా 'ఫలానా వారి యొక్క' అని అర్థం. కాబట్టి ఇటువంటి పెంకు తరచుగా పాత్ర సొంతదారును తెలుపుతుంది, చేసినవారిని కాదు.

ఒక్క అక్షరమే ఉన్నపుడు జాగ్రత్త మరింత అవసరం. అశోకుని కాలపు బ్రాహ్మిలో 'క' కూడిక గుర్తులా ఉంటుంది. 'ఠ' ఒట్టి వలయం. 'థ' నడుమ చుక్క ఉన్న వలయం. 'గ' పైకి చూసే బాణం మొనలా ఉంటుంది. ఇవే ఆకారాలు లిపి ఎరుగని వారు గీసిన గుర్తుల్లోనూ ఉన్నాయి. రెండు మూడు అక్షరాలు వరుసగా ఉండి, వాటికి గుణింతపు గుర్తులు కూడా ఉంటేనే లిపి అని ధైర్యంగా చెప్పవచ్చును.

తయారీదారుని ముద్ర కాలనిర్ణయానికి తోడ్పడిన ప్రసిద్ధ ఉదాహరణ పుదుచ్చేరి దగ్గరి అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ జరిపిన తవ్వకాల్లో ఇటలీలోని అరెజ్జో నగరపు ఎర్రని పాత్రల ముక్కలు దొరికినవి. వాటి మీద విబీ, కామూరి, ఇట్టా అన్న కుమ్మరుల ముద్రలు ఉన్నాయి. ఇటలీలో ఈ పాత్రల కాలం ముందే తెలుసు గనుక వాటితో పాటు దొరికిన స్థానిక పాత్రలకు కూడా కాలం నిర్ణయించే వీలు కలిగినది. లోపలి అడుగున చిన్న గాట్ల వలయాలు గల నల్లని పళ్ళాలు ఇటువంటివే. శాలిహుండంలో కూడా ఇవి లభించినవి. వీటిని మొదట రోమను సరుకు అనుకొన్నారు. మట్టి పరీక్షల తరువాత ఇవి భారతదేశంలో తయారైనవేనని తేలినది. వీలర్ అనుకొన్న దానికంటే ముందే ఇవి వాడుకలోకి వచ్చాయని కూడా నేడు అంగీకరిస్తున్నారు. ముద్ర ఉన్న పాత్ర కాలం చెప్పగలదు. దాని పక్కన ఉన్న ముద్ర లేని పాత్రకు మాత్రం మట్టి పరీక్ష వేరుగా అవసరమైనది.

పింగాణీ ముద్రలు

పాత ఇళ్ళలో, సంతల్లో, మ్యూజియాల్లో కనిపించే పింగాణీ సామాను అడుగు భాగాన ముద్రలు ఉంటాయి. ఇవి నిజంగా తయారీదారుల గుర్తులే అయినా వీటిని కూడా పైపైన నమ్మరాదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, ఐరోపా దేశాల పింగాణీని చూడవచ్చును.

* చైనా: మింగ్, చింగ్ వంశాల కాలపు పాత్రల అడుగున ఆరు అక్షరాల ముద్ర ఉంటుంది. దీనిని పైనుండి కిందికి, కుడి వరుస నుండి ఎడమ వరుసకు చదవాలి. మొదటి రెండు అక్షరాలు వంశాన్ని, తరువాతి రెండు ఏలుబడిని, చివరి రెండు తయారీని తెలుపుతాయి. కాని కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662-1722) చేసిన పాత్రల మీద కూడా పూర్వపు షువాన్‌దె (1426-1435), చెంగ్‌హువా (1465-1487) ఏలుబడుల ముద్రలు వేసేవారు. ఇది చాలాసార్లు పూర్వీకుల పనితనం మీద గౌరవంతో చేసినది.
* జర్మనీ: 1710లో స్థాపించిన మైసెన్ కర్మాగారం 1720ల నుండి అడ్డంగా పెట్టిన రెండు కత్తుల గుర్తు వాడినది. ఈ గుర్తును అనేకులు అనుకరించారు.
* ఫ్రాన్స్: సెవ్ర కర్మాగారపు గుర్తు పెనవేసిన రెండు 'ఎల్' అక్షరాలు. వాటి నడుమ 1753 నుండి సంవత్సరాన్ని తెలిపే అక్షరం వేసేవారు.
* ఇంగ్లండు: 1842 నుండి 1883 వరకు నమూనా నమోదును తెలిపే వజ్రాకార ముద్ర ఉన్నది. 1884 నుండి దాని స్థానంలో వరుస సంఖ్య వచ్చినది. ఇవి నమూనాను నమోదు చేసిన తేదీని తెలుపుతాయి. ఆ నమూనాతో పాత్రలు తరువాత ఎన్నో ఏళ్ళు తయారై ఉండవచ్చును.
* జపాన్: అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వలన దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయినది. 1891 నుండి 1921 వరకు 'నిప్పాన్' అనీ, తరువాత 'జపాన్' అనీ వేసేవారు. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే అది రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1952 వరకు గల కాలానిది.

ఇంటి పైకప్పు పెంకుల మీది ముద్రలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారాన్ని 1865లో స్థాపించారు. వారి పెంకుల మీద కనిపించే 1865 అన్న సంఖ్య కర్మాగారం స్థాపించిన సంవత్సరం, ఆ పెంకు చేసిన సంవత్సరం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఈ కర్మాగారాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వచ్చాయి. కనుక ఆ ట్రస్టు పేరు ఉన్న పెంకు యుద్ధానంతర కాలానిదని చెప్పవచ్చును.

పరిశీలించే విధానం

గుర్తు కంటే ముందు పాత్రను చూడాలి. అనుభవజ్ఞులు పాటించే వరుస ఇది.

1. పెంకు ఎక్కడ, ఎంత లోతున, వేటి నడుమ ఉన్నదో వ్రాసుకోవాలి.
2. విరిగిన అంచులో మట్టిని చూడాలి. మట్టి మెత్తనిదా, ఇసుక కలిసినదా, లోపలి వరకు సమంగా కాలినదా అన్నది గమనించాలి.
3. సారె మీద చేసినదా, చేతితో చేసినదా చూడాలి. సారె మీద చేసిన పాత్ర లోపల సమాంతరంగా తిరిగిన సన్నని చారలు ఉంటాయి.
4. అంచు, మెడ, అడుగు భాగాల ఆకారాన్ని తెలిసిన కాలపు పాత్రలతో పోల్చాలి.
5. ఆ తరువాత గుర్తును ఏటవాలుగా పడే వెలుగులో చూసి, పక్కన స్కేలు ఉంచి ఫోటో తీయాలి. గీతల్లో సుద్ద, పెన్సిలు పూయరాదు. పూసినవారు తమకు కనబడిన ఆకారాన్నే స్థిరపరచినవారు అవుతారు.
6. గుర్తు ఎటు నిలిపి చూడాలో పాత్ర అంచును బట్టి నిర్ణయించాలి. తలకిందులుగా చూస్తే బాణం మొన వేరొక అక్షరంగా మారిపోతుంది.

కాలం ఇంకా తేలకపోతే థర్మోల్యుమినిసెన్స్ పరీక్ష ఉన్నది. మట్టిలోని ఖనిజాలు చివరిసారి బాగా వేడెక్కిన నాటి నుండి కూడగట్టుకొన్న శక్తిని దీనిలో కొలుస్తారు. దీని వలన పాత్ర కాలిన కాలం తెలుస్తుంది. దాని మీద గీత గీసిన కాలం తెలియదు.

చట్టం, పరిరక్షణ

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని కాలపు చారిత్రక వస్తువులు పురావస్తువులు. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం, వ్యాపారం చేయడానికి లైసెన్సు అవసరం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు దొరికినపుడు కలెక్టరుకు తెలపాలి. తెలంగాణ రాష్ట్రం 2017లో వారసత్వ సంపద పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేసినది.

రాక్షసగుళ్ళకు ముప్పు ఎక్కువగా లంకెబిందెల ఆశ వలన కలుగుతున్నది. ఈ సమాధుల్లో ఉండేవి ఎముకలు, తుప్పు పట్టిన ఇనుము, మట్టి పాత్రలు. నిధి కోసం తవ్వేవారు విసిరివేసే కుండ పెంకులే ఆ సమాధిలోని అసలు నిధి. వాటి వరుస చెదిరిన తరువాత వాటి మీది గుర్తు అందమైన గీతగా మాత్రమే మిగులుతుంది. ఆసక్తి కొద్దీ మంచి గుర్తు ఉన్న పెంకును ఏరి ఇంటికి తెచ్చుకొనే విద్యార్థి కూడా, తెలియకనే అయినా, ఇదే నష్టం కలిగిస్తాడు. సమాధిలో పన్నెండు పాత్రలు ఉండి, వాటిలో మూడింటి మీద ఒకే గుర్తు ఉన్నదనుకొందాము. ఆ మూడూ మూడు ఇళ్ళకు చేరితే అవి ఒకే కుటుంబానివో కావో ఇక ఎవరూ చెప్పలేరు.

అందువలన పెంకు కనిపించినపుడు దానిని కదల్చకుండా ఫోటో తీసి, స్థలం వివరాలు వ్రాసుకొని, తహసీల్దారు కార్యాలయానికి గాని పురావస్తు శాఖకు గాని తెలియజేయడం ఉత్తమం. గోదావరి ముంపు ప్రాంతంలో ఇది మరింత అవసరం. అక్కడ నీట మునిగిన సమాధిని తిరిగి పరిశీలించే అవకాశం ఉండదు. గుర్తు గీసినవారి పేరు మనకు దొరకకపోవచ్చును. ఆ పాత్రను ఎవరి పక్కన, వేటితో కలిపి ఉంచారో దొరికిన చోటే చెప్పగలదు.